మింగిన సగం మాట

మబ్బుకారు, 1వ రోజు

మూడో వల దగ్గర నీళ్ళు: పద్నాలుగు బానలు. రెండో వలకి నాచు పట్టింది. రేపు గీకాలి.

నీటి సంఘం వాళ్ళకి ముందే మనవి. పోయిన కారు పుస్తకం చూసి, "ఇర్మిగారూ, వలల సంగతి రాయమంటే ఊరి సంగతులన్నీ రాస్తున్నారు" అని కబురు పెట్టారు. వలల గురించి ఎంతని రాయను? మబ్బు వస్తుంది, వల తడుస్తుంది, నీళ్ళు గొట్టంలోకి జారతాయి. అయిపోయింది. మిగతా కాగితం ఖాళీగా వదలడం నాకు చేతకాదు. నాకు అరవై ఒక్క ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులే, పన్నెండేళ్ళుగా ఈ కొండకి అడిగేమనిషిని నేనే. ఈ మాత్రం రాసుకోనివ్వండి.

రాసేది పల్లపుమాటలోనే. మా మెట్టమాటకి అక్షరాలు లేవు. మాకు అక్షరాలు నేర్పినవాళ్ళు పల్లపువాళ్ళే. ఎలా నేర్పారో వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

ఇవాళ్టి సంగతి ఇది. తూర్పు గట్టు మీద కొత్త వలకి స్తంభాలు పాతడానికి పోయిన మావాళ్ళు మధ్యాహ్నానికే పని వదిలేసి దిగొచ్చారు. అక్కడ ఒక రాతి గుడిసె ఉందట, ఏడు మేకలున్నాయట, ఒక ముసలామె ఉందట. వీళ్ళని చూసి రాయి ఎత్తి తిట్టిందట. ఏమని తిట్టిందంటే సగమే అర్థమైందన్నారు. ఎందుకంటే ఆమె తిట్టింది మెట్టమాటలో.

ఊరంతా గోలగోలగా ఉంది. పెద్దవాళ్ళ దగ్గర పెరిగి మెట్టమాట నేర్చుకున్న మనిషి ఈ కొండ మీద ఒక్కరూ మిగల్లేదనే అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఎల్లుండి ఆమెను కిందికి తెస్తారు. మా ఆయన సాందు అప్పుడే తీగబండికి నూనె పెడుతున్నాడు. అందరికీ పండగలా ఉంది. నాకు మాత్రం భయంగా ఉంది. మా అమ్మ నాతో అన్న ఆఖరి మాట ఒకటి యాభై అయిదేళ్ళుగా నా లోపల ఉంది. దానికి అర్థం నాకు తెలుసు. కానీ నేను తప్పు విన్నానేమో అని ఓ మూల చిన్న ఆశ పెట్టుకుని బతుకుతున్నాను. ఈమెని అడిగితే ఆ ఆశ కూడా పోతుంది.

మబ్బుకారు, 3వ రోజు

నీళ్ళు: పదహారు బానలు. నాచు గీకాం.

ముసలామె వచ్చింది. పేరు ఆరికి. తొంభై దాటి ఉంటాయి. మేకలు లేకుండా తీగబండి ఎక్కనందట. అందుకని మొదటి విడతలో ఏడు మేకలూ దిగాయి, రెండో విడతలో ఆమె దిగింది. దిగుతూనే మా ఆయన్ని చూసి గంభీరంగా ఏదో అంది. దీవించిందనుకుని ఆయన వంగి దండం పెట్టాడు. మా మనవరాలు కొసిని మెల్లగా చెప్పింది, "తాతా, నువ్వు మేక తాడు తొక్కావట. కాలు తియ్యమంటోంది."

ఇవాళే అడిగే రోజు కూడా. మబ్బు మొదలైన మూడో పొద్దున, వలలు పూర్తిగా విప్పే ముందు, అడిగేమనిషి కొండ వైపు తిరిగి ఊరి తరఫున అడగాలి. నేను పన్నెండేళ్ళుగా అడిగినట్టే అడిగాను. నాకు తెలిసినంతలో దాని అర్థం ఇది: తల్లీ కొండా, మాకు అన్నం పెట్టు. మా కడవలు నింపు. కీడుని మా మీదికి పంపకు. మేము నీ మాట దాటము.

ఆరికి అవ్వ మొదట ఊరుకుంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కొసిని నీళ్ళు అందించింది. ఏడుపు కాదు. బోసినోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఊరు ఊరంతా నుంచుని చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. మిగిలిన రెండు ముక్కలూ గబగబా అనేసి, వలలు విప్పమని సైగ చేసి, ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

మబ్బుకారు, 4వ రోజు

పొద్దున్నే అవ్వే మా గుమ్మంలోకి వచ్చింది, మేకలతో సహా. నాకు అందని మాటలు విప్పి చెప్పడానికి కొసిని పక్కన కూచుంది. ఊళ్ళో మాటల పెట్టెని చూసుకునేది కొసినే. మేం గుర్తుచేసుకున్న ప్రతి మెట్టమాటనీ ఆ పెట్టె విని దాచుకుంటుంది, అడిగితే తిరిగి చెబుతుంది. ఇప్పటికి పందొమ్మిది వందల మాటలున్నాయి అందులో.

"పిల్లా, కోపం వచ్చిందా?" అంది అవ్వ.

నన్ను పిల్లా అని పిలిచే మనిషి ఈ కొండ మీద ఎవరూ లేరు. రాలేదన్నాను. వచ్చింది.

"నిన్న నువ్వు కొండని ఏమడిగావో తెలుసా? కొండమ్మా, బువ్వ పెట్టు. చెంబులో నీళ్ళు పొయ్యి. బూచాణ్ణి పంపకు. మేం అల్లరి చెయ్యం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొసిని మాత్రం నవ్వేసింది, తర్వాత నా మొహం చూసి ఆపుకుంది.

అవ్వ అనగానే నాకు తెలిసిపోయింది, తప్పు ఎక్కడ జరిగిందో. మా మాట మాన్పించి వాళ్ళ మాట నేర్పడానికి పల్లపువాళ్ళు మమ్మల్ని కింద నిలయానికి తీసుకుపోయినప్పుడు అందరికీ అయిదు, ఆరు, ఏడేళ్ళు. చేరిన రోజే చెవిలో గింజ పెట్టేవాళ్ళు. మెట్టమాట ఎక్కడ వినబడినా, మన నోట్లోంచి వచ్చినా సరే, ఆ గింజ జుయ్యిమని మోగి మాటని మింగేసేది. పన్నెండేళ్ళు అలా గడిచాక పల్లంలో ప్రభుత్వం మారింది, నిలయాలు మూసేశారు, గింజలు తీసేశారు, ఇళ్ళకి పొమ్మన్నారు. నూట పన్నెండు మందిమి కొండెక్కాం. ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. తలుపులు బయట నుంచి తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. మా పెద్దవాళ్ళు మమ్మల్ని పంపేసి, ఊరొదిలి ఎటో పోయారనుకున్నాం. ఇంకేమనుకుంటాం?

అప్పుడు మా దగ్గర ఉన్నది ఒక్కటే, ఆరేళ్ళప్పటి జ్ఞాపకం. దాంతోనే భాషని మళ్ళీ కట్టుకున్నాం. ఒకరు ఒక మాట చెబితే ఇంకొకరు దానికి తోక అతికారు. ఎంత గొప్పగా చెప్పుకున్నామో. నలభై మూడేళ్ళు గడిచిపోయాయి, మా పిల్లలకీ వాళ్ళ పిల్లలకీ అదే అమ్మభాష అయింది. ఆరేళ్ళ పిల్లలకి ఆరేళ్ళ మాటలే వస్తాయన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

"మరి నేను అలా అడుగుతుంటే కొండ ఇన్నేళ్ళూ నీళ్ళెందుకిచ్చింది?" అన్నాను ఉక్రోషంగా.

"పిల్లలు అడిగితే ఎవరైనా పెడతారు కదే" అంది.

తర్వాత చెప్పింది. గట్టు మీదికి మా మాటలు మబ్బులో తేలుతూ వినబడేవట. అన్నీ చిన్నపిల్లల మాటలే. నిలయంలో చచ్చిపోయిన పిల్లలు దెయ్యాలై తిరిగొచ్చి కింద ఆడుకుంటున్నారనుకుందట. "దెయ్యాలైనా మన పిల్లలే కదా అని రోజూ కాసేపు కూచుని వినేదాన్ని" అంది. నా కోపం పోయింది. ఆమెకి జావ పెట్టాను. మేకలు నా ఆకుకూరల మడి తినేశాయి.

మబ్బుకారు, 6వ రోజు

నీళ్ళు: పదిహేడు బానలు. ఒకటో వలకి మధ్యలో చిరుగు. బొందుకి చెప్పాను.

ఊళ్ళో పెద్ద గొడవయింది. అవ్వ నిన్న సంతలో కూచుని, "మీరు పెళ్ళిళ్ళు ఎలా చేసుకుంటారే?" అని అడిగింది. కొసిని పెట్టెని చెప్పమంది. పెట్టె మర్యాదగా చెప్పింది. అవ్వ ఈసారి నవ్వలేదు, నుదురు కొట్టుకుంది. అది పిల్లలు గుల్లలూ పుల్లలూ పెట్టుకుని ఆడుకునే ఆటలో మాటలట. నువ్వు నాన్నవి, నేను అమ్మని, ఇది మన బువ్వ, ఆడదామా, ఆడదాం. ఈ కొండ మీద నలభై మూడేళ్ళుగా జరిగినవన్నీ బొమ్మలపెళ్ళిళ్ళే.

మా ఆయన ఇంటికొచ్చి, "అయితే ముప్పై తొమ్మిదేళ్ళుగా నేను ఊరికే మీ ఇంట్లో ఉంటున్నానన్నమాట" అన్నాడు.

"తిండి కూడా తింటున్నావు" అన్నాను.

పెద్దవాళ్ళకి ఒట్టుమాట అని వేరే ఉంటుందట. పెళ్ళిలో, పొత్తులో, దారి పంచుకునేటప్పుడు ఆ తీరులోనే మాట్లాడాలి. అన్నాక తప్పడానికి లేదు. ఈడొచ్చాకే నేర్పుతారు. పిల్లల ముందు ఎవరూ అనరు, పిల్లలతో అసలే అనరు, ఎందుకంటే పిల్లలకి మాట తప్పితే ఏమవుతుందో తెలియదు. ఎలా ఉంటుందో ఒకసారి అని చూపించవా అవ్వా అంటే తిట్టింది. ఊరికే అనడానికి కుదరదట. అంటే కట్టుబడినట్టే.

అంటే మా భాషలో ఎవరూ ఎవరికీ మాటివ్వలేరు. ఇన్నేళ్ళూ ఆ లోటే మాకు తెలియలేదు. రేపు వస్తావా అంటే వస్తాను అంటాం, వచ్చేస్తాం, అంతే.

ఈ దెబ్బతో పెద్దవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. తప్పు మాట్లాడతామేమోనని ఒకరితో ఒకరు పల్లపుమాటలో మాట్లాడుకుంటున్నారు, నిలయంలో మాట్లాడినట్టు. పెట్టె కూడా ప్రతి మాటకీ "ఇది మార్చమంటారా?" అని అడుగుతోంది. వీధిలో పిల్లలు మాత్రం ఎప్పట్లాగే అరుస్తూ తిరుగుతున్నారు. వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, వాళ్ళ మాటలు వాళ్ళ ఈడువే.

మబ్బుకారు, 7వ రోజు

నీళ్ళు: పదిహేను బానలు.

కొసిని ఇంటింటికీ తిరుగుతోంది. నిలయం నుంచి తిరిగొచ్చినవాళ్ళం ఇంకా ముప్పై ఎనిమిది మందిమి ఉన్నాం. నిలయం బండి ఎక్కేటప్పుడు మా పెద్దవాళ్ళు మాతో అన్న ఆఖరి మాట ఏది గుర్తున్నా వచ్చి అవ్వకి చెప్పమంటోంది. అవి పెద్దవాళ్ళ నోటి మాటలు కదా, వాటిల్లో పెట్టెకి దొరకనివి ఉంటాయంటుంది. తెలివైన పిల్ల. నా దగ్గరికి వచ్చేసరికి నేను వల కడుగుతున్నానన్నాను. వల అప్పటికే కడిగి ఉంది.

సరే, ఇక్కడ రాస్తాను. కాగితం తిరిగి ఏమీ అనదు.

బండి కదిలింది. మా అమ్మ వెనకాల పరిగెత్తింది. "ఓరమె, ఓరమె" అని అరిచింది. మలుపు దాటేదాకా అదే మాట. మళ్ళీ నేను ఆమెను చూడలేదు.

ఓరు అంటే రావడం. చివర మె తగిలిస్తే లేదు, కాదు, ఒద్దు. ఈ కొండ మీద నాలుగేళ్ళ పిల్లకైనా తెలుసు ఓరమె అంటే ఏమిటో. స్నానానికి పిలిస్తే ఊళ్ళో పిల్లలందరూ అనే మాట అదే. నేను రాను.

ఏ తల్లయినా బిడ్డ వెనకాల పరిగెత్తుతూ నేను రాను అంటుందా? అంది మరి. నా చెవులతో విన్నాను. నిలయంలో వేరే పిల్లలు అమ్మలు వస్తారని ఎదురుచూసేవాళ్ళు. నేను చూడలేదు, నాకు చెప్పేసింది కదా. తిరిగొచ్చి ఖాళీ ఇల్లు చూసినప్పుడు కూడా నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇప్పటికీ మనవలు ఎవరైనా ఓరమె అని మారాం చేస్తే లేచి లోపలికి పోతాను. ఈ సంగతి సాందుకి తప్ప ఎవరికీ తెలియదు.

మబ్బుకారు, 9వ రోజు

నీళ్ళు: ఇరవై బానలు. మబ్బు చిక్కబడుతోంది.

అవ్వ దగ్గర జనం మళ్ళీ మూగుతున్నారు. ఆఖరి మాటలు ఒక్కొక్కటీ తేలుతున్నాయి. ఒకామె చిన్నప్పుడు మంత్రమనుకుని దాచుకున్నది ముక్కు తుడుచుకో అనట. ఇంకొకామెది అన్న చెయ్యి వదలకు. వాళ్ళు ఏడుస్తూనే నవ్వుతున్నారు. మా వీధి చివర పెద్దాయన ఒకడు నలభై ఏళ్ళుగా పుట్టిన ప్రతి బిడ్డ తల మీదా చెయ్యి పెట్టి జిబ్బిలో జిబ్బిలో అని దీవిస్తాడు, వాళ్ళ నాన్న నోట విన్న ఆఖరి మాట అది. అవ్వ చెప్పింది, అది కుక్క పేరు అయ్యుంటుంది, బండి కింద పడుతుందని పిలిచి ఉంటాడు అని. పెద్దాయన కాసేపు ఆలోచించి, మంచి కుక్క, గుర్తొచ్చింది అన్నాడు. దీవెన మార్చనంటున్నాడు. మా కొసిని కూడా ఆ కుక్క దీవెనతో పెరిగిందే.

బొందు మాత్రం వెళ్ళలేదు. వాడు మా వలలు కుట్టే మనిషి, నాకంటే ఏడాది పెద్ద, నిలయంలో మా పక్క గది. తిరిగొచ్చిన రోజు నుంచి ఒక్క మెట్టమాట వాడి నోటివెంట రాలేదు. పల్లపుమాటే మాట్లాడతాడు. ఎందుకురా అంటే, "మనల్ని పంపేసి తలుపులు కట్టుకుని పోయినవాళ్ళ మాట నాకెందుకు?" అంటాడు. ఇవాళ ఒకటో వల చిరుగు కుడుతూ అదే అన్నాడు. నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. వాడితో వాదించడానికి నా దగ్గర ఏముంది?

అవ్వ వెళ్ళిపోతానంటోంది. మేకలకి ఇక్కడి గడ్డి పడలేదు. మబ్బు ఇంకా చిక్కబడితే తీగబండి ఆపేస్తారు, కారు అయ్యేదాకా మళ్ళీ నడవదు. అందుకని పన్నెండో రోజు పొద్దున్నే ఎక్కించమంది. ఉండమని ఊరంతా బతిమాలింది. వినలేదు. మళ్ళీ కారు తర్వాత వస్తానంది కానీ, తొంభై ఏళ్ళ మనిషి.

సాందు అన్నం తింటూ అన్నాడు, "అడగవా?"

"ఏమని?"

"అడగకపోతే ఆ మాట రేపటి నుంచీ ఇంకా బరువెక్కుతుంది. అవ్వ మన గుమ్మం దాకా వచ్చి పోయింది అన్నది కూడా దానికి తోడవుతుంది."

ముప్పై తొమ్మిదేళ్ళు ఊరికే ఉన్న మనిషికి ఈ మాటలెక్కడి నుంచి వస్తాయో.

మబ్బుకారు, 11వ రోజు

నీళ్ళు కొలిచింది కొసిని, ఎన్నో అడగలేదు.

అడిగాను.

పొద్దున మూడో వల దగ్గరికి అవ్వ మేకలకి నీళ్ళు పట్టడానికి వచ్చింది. ఎవరూ లేరు. నేను వల అంచు గీకుతున్నాను. పని ఆపితే చెప్పలేనని తెలుసు, అందుకని గీకుతూనే చెప్పాను. బండి సంగతి, అమ్మ పరిగెత్తిన సంగతి. ఆ ఒక్క మాట అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. రెండు సార్లు మింగి, మూడోసారి అన్నాను.

అవ్వ చేతిలో తాడు జారిపోయింది. మేక పోతున్నా చూడలేదు.

"ఎవరితో అంది?"

"నాతోనే."

"నీకెన్నేళ్ళు?"

"ఆరు."

"ఆరేళ్ళదానితో అందా?" అని రాయి మీద కూలబడింది. "మళ్ళీ అనకు. నువ్వు ఊరికే అనకూడదు. అది ఒట్టుమాట."

నాకు అర్థం కాలేదు. ఓరమె అంటే రాను కదా అన్నాను.

"పిల్లలకి రాను. పెద్దవాళ్ళు ఒట్టు పెట్టేటప్పుడు సగమే అంటారు. రాకపోతే అని ఆపేస్తారు. రాకపోతే ఏమవ్వాలో ఆ సగం మింగేస్తారు. అది పైకి అనకూడదు, అంత చెడ్డది." నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నేను వస్తాను అని మామూలుగా చెబితే చాలదనుకుంది మీ అమ్మ. ఒట్టు వేసింది. వినడానికి పెద్దవాళ్ళెవరూ లేరు, అందుకని నీతో వేసింది. ఆరేళ్ళ పిల్లని పెద్దమనిషిని చేసి మాటిచ్చింది."

నేను ఏడ్చాను. ఇది నీటి సంఘం పుస్తకమని తెలుసు, అయినా రాస్తున్నాను. వల స్తంభం పట్టుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. యాభై అయిదేళ్ళు ఆమె మీద అలిగాను. ఆమె రాను అనలేదు.

కాసేపటికి తేరుకుని అడిగాను, "మరి వచ్చిందా?"

"మీ అమ్మ నాకు తెలియదు పిల్లా. మాది అవతలి వాలు. నాకు తెలిసింది చెబుతాను. మిమ్మల్ని తీసుకుపోయిన పది రోజులకి పిల్లలున్న ఆడవాళ్ళంతా దిగడం మొదలెట్టారు. మగవాళ్ళూ వెళ్ళారు. ఇళ్ళకి తాళ్ళు కట్టి పోయారు, తిరిగొచ్చేవాళ్ళు కట్టినట్టు. నాకు పిల్లల్లేరు, మేకలున్నాయి. నేను గట్టెక్కాను. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కడం నేను చూడలేదు. కానీ ఆ మాట అన్నాక ఇంట్లో కూచున్న మనిషిని కూడా నేను ఈ జన్మలో చూడలేదు."

మబ్బుకారు, 12వ రోజు

నిన్న ఇంటికొచ్చి సాందుకి అంతా చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు. తర్వాత, "ఇర్మీ, ఈగ రోజులు గుర్తున్నాయా?" అన్నాడు.

గుర్తులేకపోవడమేమిటి. నిలయంలో కొన్ని రోజులు పొద్దున్నించీ చెవిలో గింజ ఊరికే జుయ్యిమనేది. ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్ళం కాదు, అయినా మోగేది. మధ్యాహ్నం దాకా, ఒక్కోసారి పొద్దుగూకేదాకా. తల పగిలిపోయేది. పిల్లలం వాటికి ఈగ రోజులని పేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో కిటికీలు మూసి మమ్మల్ని వెనక హాలులోకి తోలేవాళ్ళు. గాలి పాడైందని చెప్పేవాళ్ళు.

"గింజ ఊరికే మోగదు కదా" అన్నాడు సాందు.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. గింజ మోగేది ఒక్కదానికే. ఎక్కడో మెట్టమాట వినబడుతుంటేనే. మన చెవికి అందనంత దూరంలో ఉన్నా దానికి అందేది. మేమెవరమూ మాట్లాడని రోజుల్లో గోడ అవతల ఎవరో పొద్దున్నించీ మెట్టమాటలో అరుస్తూ ఉన్నారు. మమ్మల్ని పేర్లు పెట్టి పిలుస్తూ ఉండాలి. అదే మాకు ఈగ చప్పుడై వినబడింది.

సాందు తన చెవి మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. ఆయనా ఇన్నేళ్ళూ ఎవరూ రాలేదనే అనుకున్నాడు.

ఈ పొద్దున అవ్వని తీగబండి ఎక్కించే ముందు ఒక పని ఉందని చెప్పి, ఆమెని చెయ్యి పట్టుకుని బొందు ఇంటికి తీసుకుపోయాను, సాందు కూడా వచ్చాడు. వాడు గుమ్మంలో వల పరుచుకుని కుడుతున్నాడు. అవ్వని చూసి మొహం తిప్పుకున్నాడు. నేను నిలబడే చెప్పాను, పల్లపుమాటలోనే, వాడికి అడ్డం తగలడానికి సందు లేకుండా. ఒట్టుమాట, కట్టిన తలుపులు, కొండ దిగిన ఆడవాళ్ళు, ఈగ రోజులు, గింజ.

వాడి సూది ఆగింది. తల ఎత్తలేదు.

"మొదటి ఏడాది నలభై ఒకటి" అన్నాడు.

"ఏమిటి?"

"ఈగ రోజులు. మంచం కోడు మీద గీతలు గీసేవాణ్ణి. తలనొప్పితో పడుకుని చేసేదేముంది. మొదటి ఏడాది నలభై ఒకటి. రెండో ఏడాది ఇరవై ఆరు. మూడో ఏడాది తొమ్మిది. ఆ తర్వాత లేవు."

తొమ్మిది తర్వాత వాళ్ళకేమయిందో మాకు తెలియదు, ఇక తెలియదేమో కూడా. కానీ మంచు పడే నెలల్లో కూడా ఉన్నాయా అని సాందు అడిగితే, ఉన్నాయన్నాడు బొందు. మంచులో కూడా నిలబడ్డారు.

బొందు వలని మడిచి పక్కన పెట్టాడు. నలభై మూడేళ్ళుగా మూసుకున్న నోటితో, అరవై రెండేళ్ళ మనిషి, మెట్టమాటలో రెండే ముక్కలన్నాడు. ఏడేళ్ళ పిల్లాడు అనే తీరులో, సాగదీసి, వాడికి వచ్చిన ఒక్క తీరులో.

"మా అమ్మొచ్చింది."

అవ్వ వాడి పక్కన కూచుంది. సరిదిద్దలేదు.